పావు చుట్టు తేడా

రెండు గంటల కూతకి ఇంకా నాలుగు గంటలుంది.

ఆ రోజుల్లో భిలాయిలో చేతి గడియారం ఉన్నవాళ్లు తక్కువ. ఉక్కు ప్లాంటు సైరను కూతే అందరి గడియారం. పొద్దున్న ఆరుకి ఒకటి, మధ్యాహ్నం రెండుకి ఒకటి, రాత్రి పదికి ఒకటి. ఆ కూత విని పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు, పిల్లల్ని నిద్ర లేపేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే అది మా ఇంట్లో పెద్దవాళ్ల గొంతులాగే అనిపిస్తుంది. 1964 సెప్టెంబరు ఇరవై ఒకటి, సోమవారం నాడు మాత్రం రెండు గంటల కూత కాస్త ఆలస్యంగా కూస్తే బాగుండునని పూజలో దణ్ణం పెట్టుకున్నాను. అది కూయగానే మెకానిక్ అప్పలసూరిని అరెస్టు చేస్తామని పోలీసులు చెప్పారు.

అప్పలసూరి మా వీధివాడే. ఖుర్సీపార్లో ఒక సర్వే కాంట్రాక్టు కంపెనీ గరాజులో పని. ఆ కంపెనీకి రెండు జీపులున్నాయి. శనివారం పొద్దున్న ఏడు ఇరవైకి, ఉతై రోడ్డు మీద, మొదటి జీపు ప్రొపెల్లర్ షాఫ్టు ఊడిపోయింది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించే పొడుగాటి ఇనప గొట్టం అది. దాని ముందు కొస నేలలో గుచ్చుకుని జీపు పల్టీ కొట్టింది. డ్రైవరు గోపాలం తొడ విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాలేదు. లేవదీసిన లారీవాళ్లతో స్పృహ తప్పేముందు ఒక్క మాటన్నాడట: "ఇవాళే వణికింది."

జులైలో ఆ జీపుని నాలుగు అంగుళాలు ఎత్తు పెంచినవాడు అప్పలసూరి. అందుకని తప్పు అతనిదేనన్నారు.

నేను గురునాథరావుని. రైల్వేలో క్లెయిముల ఇనస్పెక్టరుగా చేశాను. పగిలిన నూనె డబ్బా ఎక్కించిన చోట పగిలిందా, దారిలో పగిలిందా, దించిన చోట పగిలిందా అని తేల్చడమే నా ఉద్యోగం. చదివింది నాలుగో ఫారం. రిటైరయ్యాక ఎవరైనా వచ్చి అడిగితే ఇలాంటివి చూసిపెట్టేవాణ్ణి. ఆదివారం నేను పూజ ముగించి లేచేసరికి అప్పలసూరి భార్య అప్పయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"బాబూ, మా ఆయన నోరు తప్పు మాటాడతాది గానీ సెయ్యి తప్పు సెయ్యదు. మీరొక్కసారి సూడండి" అంది. కాఫీ తాగమని మా ఆవిడ తులసమ్మ అంటే వద్దంది.

సోమవారం పది గంటలకి గరాజులో అడుగుపెట్టాను. అప్పలసూరి ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గర కానిస్టేబులు.

"ఎందుకు లేపావోయ్ బండిని?"

"గనుల తోవ మీరు సూసినారు గదా బాబూ. వానాకాలం జీపు బొడ్డు బురదలో కూకుండిపోద్ది. ఎద్దుల్ని కట్టి లాగాల. ఇంజనీరు బాబులు రెండు జీపులూ లేపమన్నారు. ముందు దీన్ని పట్టినాను. కమాను కట్టలకి రెండేసి పట్టీలు ఎక్కువేసినాను. లేచింది."

"లేపితే వణకదా?"

అప్పలసూరి నవ్వాడు. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడేమో, పెదవి చిట్లింది. "వణకదా ఏటి బాబూ! మొదట్రోజు గంటకి ముప్పై మైళ్ల జోరు దాటేసరికి నా పళ్లన్నీ ఊడొచ్చేస్తాయనుకున్నాను. ఎనక్కొచ్చేసి నాల్రోజులు దాని కిందే పడుకున్నాను."

"ఏమిటి తేలింది?"

"బండి లేస్తే గేరుపెట్టె పైకెలిపోద్ది. ఇరుసు కిందే ఉండిపోద్ది. మధ్యన షాఫ్టు నిచ్చెన ఏసినట్టు వాలిపోద్ది. దానికి రెండు కొసలా రెండు క్రాసులుంటాయి, కీళ్లలాగ. వాలిన కీలు తిరిగితే ఓపాలి జోరుగా, ఓపాలి నెమ్మదిగా తిరుగుద్ది. అదే వణుకు. పై కీలు ఎంత వాలిందో కింద కీలూ అంతే వాలాల. అప్పుడు పైన పుట్టిన వణుకుని కింద కీలు మింగేస్తాది."

"ఎంత వాలిందో ఎలా కొలిచావు?"

"మా అమ్మాయి జామెట్రీ పెట్టెలో అరచందమామ బిళ్ల ఉంటాది గదా, డిగ్రీలది. దానికి దారం కట్టి నట్టు ఏలాడదీసినాను. గేరుపెట్టె కాడ పెడితే ఒక లెక్క, ఇరుసు ముక్కు కాడ పెడితే ఒక లెక్క. నాలుగు డిగ్రీలు తేడా వొచ్చింది. ఓ అంచు మందం, ఓ అంచు పల్చన ఉండేలాగ ఇనప పలకలు అరగదీసి, కమానుకీ ఇరుసుకీ మధ్యన బిగించినాను. ఇరుసు ముక్కు తిరిగి సమానమైంది. బిళ్ల పోయిందని అమ్మాయి బళ్లో దెబ్బలు తింది బాబూ, అదొక్కటే పాపం."

"తరవాత వణకలేదా?"

"జులై నించి శుక్రారం దాకా ఇంజనీరు బాబు చేతిలో టీ గ్లాసు తొణకనేదు."

శుక్రవారం దాకా వణకని బండి శనివారం వణికింది. క్లెయిముల పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. బాగున్నది ఎప్పటిదాకా బాగుందో ముందు తెలుసుకోవాలి. చెడిందెప్పుడో తరవాత అదే తెలుస్తుంది.

"శుక్రవారం ఆ షాఫ్టు ఎవరైనా విప్పారా?"

"నాను విప్పనేదు. గురువారం విశ్వకర్మ పూజ. ఆ రోజు పానా ముట్టం. శుక్రారం రెండు కూతకే ఇంటికెలిపోనాను." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఎవలైనా విప్పినారో నేదో గీతని అడిగితే సెప్తాది బాబూ. మొన్న ఇక్కడే అందరి ముందూ పోలీసులకీ అదే సెప్పినాను. ఇన్నేదు."

"ఏం గీత?"

"షాఫ్టు రెండు ముక్కలు. ఓ ముక్కలో ఇంకోటి పళ్లు కలిసి దూరతాది. రెండు కొసలా క్రాసుల్ని పట్టుకునే చెవులూ ఒక్క వరసలో ఉండాల. విప్పి మళ్లీ దూర్చినప్పుడు పావు చుట్టు తప్పిందనుకోండి, ఇంక పలకలున్నా ఒకటే, నేకపోయినా ఒకటే. అందుకని పూజ నాడు మా ఆడదాన్ని తీసుకొచ్చి, బొట్టు ఊరికే పెట్టకుండా రెండు ముక్కల మీదా ఆనేలాగ ఒక్క గీత గీయమన్నాను. దేవుడి గీత గదా, ఎవడూ చెరపడు. ఆ గీత కలిస్తేనే అవి రెండూ కలిసినట్టు."

ముప్పై ఏళ్లుగా గుమ్మానికీ గూటికీ బొట్టు పెడుతున్నాను. బొట్టు చేత ఇలాంటి పని చేయించుకోవచ్చని ఏనాడూ అనుకోలేదు.

గరాజు ఇన్‌చార్జి త్రినాథరావు గదిలోకి వెళ్లాను. నలభై ఐదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట నిండుగా కుంకుమ. ఆయనా ఒకప్పుడు మెకానిక్కే. బల్ల మీద అమ్మవారి పటం, ముందు వెండి కుంకుమ బరిణె.

"దణ్ణమండీ. శుక్రవారం మధ్యాహ్నం గరాజులో ఎవరున్నారో చెప్తారా?"

"నేనే ఉన్నాను. కాగితాలు చూసుకుంటూ." ఆయన పటం వైపు చూశాడు. "అప్పలసూరి మంచివాడేనండీ. చేతిలో విద్య ఉంది. కానీ చదువు లేని విద్య. ఏం చేస్తాం?"

"బోల్తా పడ్డ జీపు ఎక్కడుంది?"

"వెనక షెడ్డులో. శనివారం మధ్యాహ్నం లాక్కొచ్చి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గరే ఉంది, పదండి."

లేవబోతూ ఒక సంగతి గుర్తొచ్చి ఆగాను. "ఇంకో మాట. గోపాలం భార్య సత్యలక్ష్మి ఉతైలో పుట్టింట్లో ఉందట కదా. ఏడో నెల. ఇంకా ఆమెకి మొగుడి మొహం చూపించలేదు. రెండో జీపు ఖాళీగానే ఉంది. పంపిస్తే పుణ్యం ఉంటుంది."

త్రినాథరావు కలం మూత తీశాడు, పెట్టాడు. "శనివారం నుంచి ఆ బండి తియ్యలేదు. బ్యాటరీ సంగతి చూడాలి."

"చూసే పంపండి. మధ్యాహ్నం అయినా ఫరవాలేదు."

"సరే" అని తాళంచెవి తీసుకుని లేచాడు.

షెడ్డు తెరిచేసరికి పదకొండున్నర. అప్పుడే గేటు దగ్గర కారు హారను మోగింది. నాగపూరు నుంచి ఇన్సూరెన్సు తరఫున వచ్చిన సర్వేయరు భుజంగరావు. టై, టార్చిలైటు, మెళ్లో కెమెరా. పోలీసుల కాగితాలు చూసి ఆయన రాసిన రిపోర్టు మీదే పోలీసులు నడుస్తున్నారు.

"ఏం పంతులుగారూ, పంచాంగం చూశారా? షాఫ్టు ఏ నక్షత్రంలో ఊడిందంటారు?"

"అది మీ రిపోర్టులో ఉంటుందనుకున్నానండీ. సమయం వేశారా?"

"సమయం ఎందుకు? కారణం వేశాను. కంపెనీవాడు ఒక ఎత్తులో తయారుచేసిన బండిని నాటు మెకానిక్కు నాలుగు అంగుళాలు లేపాడు. లేపిన బండి వణికింది. వణికి క్రాసు పగిలింది. పగిలి షాఫ్టు ఊడింది. మూడే మాటలు. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది."

"చిన్నపిల్లాడు ఒకటి అడుగుతాడు. జులై నుంచి వణకని బండి శనివారం ఎందుకు వణికింది?"

"వణకలేదని ఎవరన్నారు? చేసినవాడే కదా!"

"పడ్డవాడు కూడా అన్నాడు. ఇవాళే వణికింది అన్నాడు."

"దెబ్బ తగిలినవాడు సవాలక్ష అంటాడు. సరే, మీరూ చూడండి. రెండింటికి నేను సంతకం పెట్టేస్తాను."

జీపు పక్కకి ఒరిగి ఉంది. చూస్తే ప్రాణం ఉసూరుమంది. యుద్ధకాలం నాటి బండి. కొత్తలో ప్లాంటు కట్టేటప్పుడు దాని మీద ఎక్కని ఇంజనీరు లేడు. ఖుర్సీపార్ పిల్లలు దాని వెనక తగిలించిన స్టెప్నీ చక్రం పట్టుకుని వేలాడేవాళ్లు. పూజనాటి బంతిపూల దండ ఎండిపోయి ఇంకా ముందు అద్దానికి ఉంది.

కానిస్టేబులు అప్పలసూరిని లోపలికి తీసుకొచ్చాడు. నేను పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చున్నాను. పలకలు చూశాను. మందపు అంచులు రెండూ ఒకే వైపున్నాయి. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. ముందు క్రాసు పగిలి ఊడింది. షాఫ్టు వెనక కొస ఇంకా ఇరుసుకే వేలాడుతోంది. ఒక ముక్క ఇంకో ముక్కలో దూరే చోటు చూశాను. మనసులో రామనామం అనుకుంటూనే చూశాను.

ఎర్రటి గీత ఉంది. రెండు ముక్కల మీదా ఉంది. చక్కగా కలిసి ఉంది.

వెనక నుంచి భుజంగరావు టార్చి వేశాడు. "ఇదేనా ఆ దేవుడి గీత? పోలీసుల కాగితాల్లో చదివాను. కలిస్తే షాఫ్టు ఎవరూ విప్పనట్టు. అంతేనా అప్పలసూరీ?"

"అంతే బాబూ" అన్నాడు అప్పలసూరి.

"కలిసింది. కాబట్టి షాఫ్టు ఎవరూ విప్పలేదు. కాబట్టి తప్పు నీ పలకల్లోనే ఉంది. పంతులుగారూ, మీ సాక్షే నా సాక్షి. నమస్కారం." టార్చి ఆర్పేశాడు.

బయట సైకిలు గంటలు, ఎవరో వెల్డింగు చేస్తున్న చప్పుడు. అప్పయమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఒక నిమిషం అలాగే కూర్చున్నాను.

అప్పుడే రెండో జీపు స్టార్టయిన చప్పుడైంది. లేచి బయటికి వచ్చాను. పన్నెండు ఇరవై. కొత్తగా చేరిన డ్రైవరు వాసుదేవరావు బండిని గేటు దాకా తెచ్చాడు. కనీసం ఒక మంచిపనైనా జరుగుతోందనుకున్నాను. దగ్గరికి వెళ్లి కిటికీలో చెయ్యి పెట్టాను.

"సార్ నన్ను..." అని ఏదో అనబోయాడు.

"తెలుసు నాయనా, ఉతైకే కదా. ఆ అమ్మాయి రెండు రోజులుగా ఏడుస్తూ కూర్చుంది. ఆలస్యం చెయ్యకు. కాస్త తొందరగా తీసుకురా."

తలూపి వెళ్లిపోయాడు.

తిరిగి షెడ్డులోకి వచ్చేసరికి అప్పలసూరి షాఫ్టు ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. ముక్కు దానికి ఆనేలాగ వంగి చూస్తున్నాడు.

"బాబూ, ఇది మా ఆడది గీసింది గాదు."

భుజంగరావు నవ్వాడు. "గీతలో చేతిరాత కూడా ఉంటుందా?"

"రంగు సూడండి బాబూ. మాది ఎర్రది గాదు. మా ఇంట్లో ఆంజనేయసామి సింధూరం. నారింజ రంగు. నూనెలో కలిపి పెడతాది."

నేను వంగాను. నిజమే. ఈ గీత ముదురు ఎరుపు. ఇంకోటి కూడా కనిపించింది. షాఫ్టు మీద రోడ్డు బురద చిమ్మి ఎండిపోయింది. ఈ గీత బురద కింద లేదు. బురద మీద ఉంది.

"భుజంగరావుగారూ, టార్చి మళ్లీ వేస్తారా? బండి పడ్డాక చిమ్మిన బురద మీద గురువారం నాటి గీత ఎలా వస్తుందండీ?"

ఆయన టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. "బురద పాతదే అయుండచ్చు" అన్నాడు. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"అయుండచ్చు. రంగు పాతదో కొత్తదో, అసలు ఏ రంగో తెలుసుకుందాం." గేటు కాపలా బిసాహుని పిలిచాను. ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగువాళ్ల మధ్య పదేళ్లుండి మా భాష సగం పట్టాడు. ఎప్పుడూ అరచేతిలో పొగాకు నలుపుతూ ఉంటాడు. "నీ సున్నం డబ్బీ ఒకసారి ఇస్తావా భయ్యా?"

"సున్నం దేనికి, పంతులుగారూ? తాంబూలం వేస్తారా?" అన్నాడు భుజంగరావు.

"మా ఇంటావిడ కుంకుమ ఇంట్లోనే చేస్తుందండీ. పసుపు కొమ్ములు, నిమ్మరసం, పటిక, వెలిగారం. ఎర్రగా నిగనిగలాడుతుంది. కానీ సున్నం తగిలిందంటే నల్లబడిపోతుంది. సబ్బు తగిలినా అంతే, నా పంచెల మీద చూడచ్చు. సింధూరానికి సున్నం ఏమీ చెయ్యదు."

వేలి కొసకి సున్నం తీసి గీత మీద అద్దాను. అందరం వంగాం. ఎర్రటి గీత మా కళ్లముందే కమిలిన చర్మంలాగా నల్లబడింది.

గుడ్డ తడిపి బురద, నల్లటి గీత అన్నీ తుడిచేశాను. అడుగున గ్రీజు. దాన్ని గోటితో గీకాను. గొట్టం మీద నారింజ రంగు బయటపడింది. నూనె సింధూరం, ఇనుము రంధ్రాల్లోకి దిగి ఉంది. దాని జతగీత కోసం రెండో ముక్క చుట్టూ తడుముకుంటూ వెళ్లాను. ఎదురుగా లేదు. పక్కకి పావు చుట్టు దూరంలో ఉంది.

"అప్పలసూరీ, ఇది ఎన్ని పళ్లు తప్పింది?"

అతను లెక్క పెట్టలేదు. రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని ఏడ్చేశాడు. "నా పలకలు మంచియే బాబూ, నా పలకలు మంచియే..."

భుజంగరావు కెమెరా తీశాడు. నాలుగు ఫొటోలు తీసి, జేబులోంచి రిపోర్టు తీసి, మడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "గురువారం తరవాత ఎవడో విప్పాడు. తప్పు పెట్టాడు. బండి పడ్డాక గీత సంగతి విని, కుంకుమతో కొత్త గీత గీశాడు" అన్నాడు. మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. "కానీ గురునాథరావుగారూ, షెడ్డుకి తాళం ఉంది కదా."

"బిసాహు భయ్యా, శనివారం బండి తెచ్చాక ఇందులోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ నహీ సాబ్. పోలీస్ వెళ్లిపోయాక, శామ్‌కో పాంచ్ బజే, అయిదింటికి, మా ఇన్‌చార్జి బడే సాబ్ ఒక్కరే. లోటాలో పానీ తెమ్మన్నారు. గాడీకి శాంతి పూజ చేస్తా అన్నారు. నేనే తలుపు బయట ఖడా ఉన్నా. దేవుడి పని కదా, మధ్యలో వెళ్లకూడదు."

బిసాహుకి అనుమానం రాకపోవడంలో వింతేముంది? ఆ చోట ఎవరున్నా అంతే. గంట కొట్టి బొట్టు పెట్టేవాణ్ణి ఎవరు అడ్డుకుంటారు?

పన్నెండు నలభైకి నేనూ భుజంగరావూ త్రినాథరావు గదిలో నిలబడ్డాం. అప్పలసూరి గుమ్మంలో ఉన్నాడు. నేను బల్ల మీద సున్నం డబ్బీ పెట్టాను, కుంకుమ బరిణె పక్కన. అరిచి అడగడం నాకు చేతకాదు. అక్కర్లేకపోయింది కూడా.

"త్రినాథరావుగారూ, అమ్మవారి ముందు కూర్చున్నారు. ఎందుకు విప్పారండీ?"

ఆయన డబ్బీ వైపు చూశాడు, నా వేలి కొస నలుపు వైపు చూశాడు. నుదుటి మీద చెమట పట్టి కుంకుమ ముక్కు మీదికి జారింది.

"కొలతలకి" అన్నాడు. "పలకల కొలతలు, షాఫ్టు కొలతలు. ఈ పద్ధతి హెడ్డాఫీసుకి బొమ్మ గీసి పంపితే... నా పేరు మీద పంపితే... పాతికేళ్లుగా ఈ గ్రీజులోనే ఉన్నానండీ. అందరూ వాణ్ణే మెచ్చుకుంటారు, చదువు లేనివాణ్ణి. శుక్రవారం మూడింటికి విప్పాను, అయిదింటికి బిగించేశాను."

"గీత చూసుకోలేదా బాబూ?" అన్నాడు అప్పలసూరి. ఆ ప్రశ్నలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"అది బొట్టు అనుకున్నానురా! పూజ నాడు పెట్టిన బొట్టు అనుకున్నాను. బొట్టుని చూసి ఎవడైనా బండి బిగిస్తాడా?"

బల్ల మీది పటంలో అమ్మవారు మాత్రం ఎప్పట్లాగే చూస్తోంది. ఆయన పూజ చేసేవాడే, నేనూ చేసేవాణ్ణే. ఒక గీతలో భక్తి, పని రెండూ ఉంటాయని ఆయనకి ఎందుకు తట్టలేదు? ఆమాటకొస్తే, ఆ రోజు పొద్దున్న దాకా నాకు మాత్రం తట్టిందా?

"అప్పలసూరి ఇంక ఇంటికి వెళ్లచ్చు" అన్నాడు భుజంగరావు. "పోలీసు ఇనస్పెక్టరుకి నేనే చెప్తాను. కూత దాకా ఆగక్కర్లేదు."

అప్పలసూరి మాత్రం కదల్లేదు. త్రినాథరావు బల్ల మీది కాగితం వైపే చూస్తున్నాడు. పెన్సిలుతో గీసిన బొమ్మ అది, సగం పుస్తకం కింద దాగుంది. అతనికి అక్షరాలు రావు. కానీ అంకెలు వచ్చు.

"బాబూ, ఈ కాయితం మీద నాలుగు డిగ్రీలుంది. పక్కన మూడు కూడా ఉంది." అతను ఆ అంకె మీద వేలు పెట్టాడు. "మూడు డిగ్రీల పలక రెండో జీపుది."

నేను త్రినాథరావు వైపు తిరిగాను. "రెండోది కూడా విప్పారా?"

ఆయన ఆ కాగితం మడత పెట్టబోయాడు.

"త్రినాథరావుగారూ!"

"రెండూ ఒకలాగే ఉన్నాయో లేదో చూద్దామని... అదే రోజు." ఆయన రెండు చేతులూ జోడించాడు. "పొద్దున్న మీరు బండి పంపమంటే వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు కదా. మెల్లగా వెళ్తే ఏమీ కాదు! వాసుదేవరావుకి చెప్పాను, ఇరవై దాటొద్దు అని. గట్టిగా చెప్పాను. మీరు కావాలంటే వాణ్ణే అడగండి."

సార్ నన్ను... అని ఏదో అనబోయాడు వాసుదేవరావు.

అప్పలసూరి అప్పటికే పానాలు, జాకీ చేతికెత్తుకున్నాడు. భుజంగరావు జేబులోంచి కారు తాళంచెవి తీశాడు. "ఎక్కండి" అన్నాడు. అంతే. పొద్దుటి మనిషేనా అనిపించింది.

రైలు గేటు దాకా రోడ్డంతా గుంతలే. అక్కడిదాకా ఏ బండీ గంటకి పన్నెండు మైళ్లు దాటి పోలేదు. గేటు దాటాక నాలుగు మైళ్లు కొత్త తారు రోడ్డు. గోపాలం పడ్డది అక్కడే. పన్నెండు నలభైకి రాయి మోసుకెళ్లే గూడ్సు ఉందని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు రైల్వే తిండి తిన్నవాణ్ణి, ఆ లైను టైములు నిద్రలో లేపినా చెప్తాను. గూడ్సు ఆలస్యమైతే గేటు మూసే ఉంటుంది. గేటు మూసి ఉంటే జీపు అక్కడే ఉంటుంది. జన్మలో ఎన్నడూ ఏ బండీ ఆలస్యం కావాలని మొక్కుకోలేదు. ఆ రోజు మొక్కుకున్నాను.

"భయపడకండి బాబూ" అన్నాడు అప్పలసూరి వెనక సీట్లోంచి. పానాల సంచి ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. "ఇరవై లోపల అది వణకదు. ముప్పై దాటితేనే. అందులో ఎనక్కొచ్చేటప్పుడు కడుపుతో ఉన్న మనిషిని ఎక్కించుకుంటాడు. మెల్లగానే తోలతాడు. ఎవలైనా తొందర పెడితే తప్ప."

నేను భుజంగరావుని ఇంకాస్త వేగంగా పోనివ్వమన్నాను.

గేటు కనిపించింది. తెరిచే ఉంది. లైను మీద దూరంగా గూడ్సు చివరి పెట్టె మలుపు తిరిగి పోతోంది. భుజంగరావు కారు ఆపకుండానే అద్దంలోంచి అరిచాడు, జీపు చూశావా అని. గేటుమను పచ్చజెండా చుట్టుకుంటూ చెయ్యి ఉతై వైపు ఊపాడు.

"ఆ ఊంచీ జీప్, ఎత్తు బండి? పావుగంట నా గేటు దగ్గరే ఖడా ఉంది సాబ్. తియ్యి తియ్యి అని నా ప్రాణం తీశాడు. ఎవరో పెద్దాయన జల్దీ తీసుకురమ్మన్నాడట. తియ్యగానే గాలిలా పోయాడు!"